చౌడేశ్వరి పేరుతో దాటిన లారీ

శుక్రవారం సాయంత్రం ఆరూ ఇరవైకి లారీ గేటు దాటింది.

నిండా మామిడి గుజ్జు డ్రమ్ములు. మద్రాసు హార్బరుకు చేరాలి.

చేరలేదు.

ఆదివారం పొద్దున పూతలపట్టు దాటాక రోడ్డు పక్కన లారీ దొరికింది. మద్రాసుకు పోవాల్సిన బండి చిత్తూరు దారిలో ఎందుకుందో చెప్పడానికి డ్రైవరు లేడు. క్లీనరు లేడు. డ్రమ్ము ఒక్కటి కూడా లేదు.

సోమవారం పొద్దున సబ్ ఇన్‌స్పెక్టర్ పంకజాక్షి రేణిగుంట రోడ్డులోని మునీశ్వర ఫ్రూట్ ప్రాడక్ట్స్ ఆఫీసులో అడుగుపెట్టేసరికి, కేసు అయిపోయినట్టే కనిపించింది. దొంగను కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు కాగితం పెట్టారు. పెన్ను మూత కూడా తీసి పెట్టారు.

దొంగకు పాతికేళ్లు ఉండవు. నగరి నేతవాళ్ల పిల్ల. నీలం నూలుచీర. పేరు చౌడేశ్వరి. తిరుపతిలో పిన్ని జ్ఞానాంబ ఇంట్లో ఉంటూ ఈ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేస్తోంది.

"సంతకం పెట్టను," అంటోంది.

ఆమె ఎదురుగా కంపెనీ ఓనరు మునిరామయ్య. చిత్తూరు మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట గంధం బొట్టు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"మంచిమాటగా చెప్తా ఉండా అమ్మీ. తెలియక జరిగింది, ఉద్యోగం మానుకుంటా ఉండా అని రాసిచ్చి ఇంటికి పో. జైలు తప్పుతుంది. రేపు పెళ్లి కావాల్సిన దానివి."

"నా పెళ్లి సంగతి మా నాయన చూసుకుంటాడు సార్. చెయ్యని పనికి సంతకం ఎట్ల పెట్టేది?"

"మిషన్ చెప్తా ఉండాది కదా!" పక్కనున్న లావుపాటి మనిషి టేబుల్ మీద చరిచాడు. గోడౌన్ మేనేజరు కుప్పుస్వామి. ఓనరు భార్యకు తమ్ముడు. ఖాకీ ప్యాంటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. "సరుకు విడుదల చేసింది ఎవరంటే నీ పేరు చూపిస్తా ఉండాది. మిషన్‌కు నీ మీద ఏమన్నా పగనా?"

"మిషన్‌కు లేదు. మనుషులకు ఉండొచ్చు."

కుప్పుస్వామి మొహం ఎర్రబడింది. పంకజాక్షి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెకు నలభై నాలుగేళ్లు. హెడ్ కానిస్టేబులు నుంచి ఎస్సై అయ్యి రెండేళ్లు. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా మాట్లాడదు.

మునిరామయ్యే ఆమె వైపు తిరిగాడు.

"ఛార్జిషీటు కాపీ ఎప్పుడిస్తారు మేడమ్? ఇన్సూరెన్సు వాళ్లకు పంపాల."

"దొంగ దొరకాలి కదండీ."

"దొరికింది కదా."

"నాకింకా దొరకలేదు," అంది పంకజాక్షి. పెన్నుకు మూత పెట్టి చౌడేశ్వరి చేతికిచ్చింది. "ఇది నీ దగ్గర పెట్టుకో పాపా. నేను చెప్పేదాకా ఏ కాగితం మీదా పెట్టొద్దు."

"మీరు చెప్పినా పెట్టను మేడమ్."

పక్కనే ఉన్న కానిస్టేబుల్ ఓబయ్య నవ్వు ఆపుకోడానికి దగ్గాడు.

*

కంప్యూటర్ గది మేడ మీద, వరండా చివర. అద్దాల తలుపు. పైన బోర్డు: 'పాదరక్షలు బయట విడువవలెను. ఓనరు గారి ఉత్తరువు.'

పంకజాక్షి చెప్పులు విడిచింది. కుప్పుస్వామి గోడకు ఆనుకుని బూట్లు లాగాడు. ఓబయ్య బూట్ల లేసులతో తంటాలు పడుతూ గొణిగాడు.

"గుళ్లోకి పోయినా ఇంత శుద్ధి అడగరు మేడమ్."

"దుమ్ము పడితే మిషన్ చెడిపోతుందప్పా. ఆయన రూలు ఆయనకైనా రూలే. మా బావే విడుస్తాడు," అన్నాడు కుప్పుస్వామి.

లోపల చలి. మూలన బీరువా అంత పెట్టె ఒకటి సన్నగా రొద చేస్తోంది. దాని పక్కన ఒకే ఒక తెర, కీబోర్డు. మిగతా నాలుగు తెరలు కింద హాల్లో ఉన్నాయి. అందులో ఒకటి చౌడేశ్వరిది.

ఆ పెట్టె బాధ్యత గంగాధరానిది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. జాతర సెలవులో ఉన్నవాణ్ణి పిలిపించారు. చెవుల వెనక, గోళ్ల సందుల్లో ఇంకా నల్లగా బొగ్గు మసి. తిరుపతిలో గంగమ్మ జాతర చాటింపు వేసి వారం కావస్తోంది. వీధుల నిండా వేషాలు. మొక్కున్న మగవాళ్లు రోజుకొక వేషం కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. శుక్రవారం తోటి వేషం. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని, దారిన పోయేవాళ్లను నోటికొచ్చినట్టు తిడతారు. ఆ తిట్టు తగిలితే మంచిదని జనం నవ్వుతారు.

"నాకు కంప్యూటర్ తెలియదు. ఇంటిభాషలో చెప్పండి," అంది పంకజాక్షి.

గంగాధరం ఆలోచించాడు.

"ఇంట్లో అత్తగారి నడుముకు తాళాల గుత్తి ఉంటుంది కదా మేడమ్. బియ్యం గదిది ఒక కోడలికి, పాల గదిది ఇంకొక కోడలికి ఇస్తుంది. ఇదీ అంతే. చౌడేశ్వరి గేట్‌పాస్ టైపు చెయ్యొచ్చు. విడుదల చెయ్యలేదు. విడుదల చేసే హక్కు కుప్పుస్వామి సార్‌ది."

"మరి విడుదల ఆ పిల్ల పేరుతో ఎట్ల అయింది?"

"ఎవరో ఆ హక్కు ఆ పేరుకు ఇచ్చుండాల."

"ఎక్కడి నుంచి?"

"ఈ తెర నుంచే. ఇంకెక్కడి నుంచీ కుదరదు. కింద వాళ్ల తెరల్లో పనులు వరుసగా కనిపిస్తాయి, నంబరు కొడితే చాలు. ఇక్కడ అట్లా ఏమీ ఉండదు. మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోతే ఒక గుర్తు మాత్రం వచ్చి నిలబడుతుంది. ఏం చెయ్యాలో మనమే మాటల్లో రాయాల. దాన్నే కమాండ్ అంటాం. ఎవరికి, ఏ పని, ఇవ్వాలా తియ్యాలా. ఒక్క లైను."

అతను కొట్టి చూపించాడు. ఒక వాక్యం. ఒక మీట. అయిపోయింది.

"ఇంతేనా? ఒక మనిషిని దొంగను చెయ్యడానికి ఇంత చాలా?"

గంగాధరం ఆ లైను చెరిపేశాడు.

"ఆ పిల్ల పాస్‌వర్డ్ తెలియాలి కదా?"

"మాస్టర్‌గా పోయినవాడు ఎవరి పేరుతోనైనా పోవచ్చు. అడగదు."

"హక్కు ఇచ్చిన సంగతి మిషన్ రాసుకుంటుందా?"

"లేదు మేడమ్. సరుకు కదిలిందే రాసుకుంటుంది."

"ఇప్పుడు ఆమెకు విడుదల హక్కు ఉందా?"

"లేదు. ఇచ్చినవాళ్లు తీసేసినారు."

"మాస్టర్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

గంగాధరం నేల చూశాడు. కుప్పుస్వామి అతన్ని చూశాడు.

"నాకే."

"ఇంకెవరికీ తెలియదా?"

"నాకే మేడమ్."

బయటికొచ్చారు. అందరూ వంగి చెప్పులు, బూట్లు వెతుక్కుంటుంటే, గంగాధరం నేరుగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఎండకు నేల కాలుతోంది. అతను వేగంగా నడిచాడు.

*

వాచ్‌మన్ చిన్నబ్బ గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాడు. ఎస్సైని చూసి లేచాడు.

"శుక్రవారం లారీ పోయేటప్పుడు కంప్యూటర్ గదిలో ఎవరున్నారు?"

"గంగాధరం సారు మేడమ్."

"ఆయన సెలవు కదా?"

"సెలవే. అయినా వచ్చినాడు. లారీ పోయిన ఎంబడే లైట్లు ఎయ్యను మేడెక్కినా కదా, గదిలో ఉండాడు."

"చూశావా?"

"సూసినా."

"మొహం చూశావా?"

చిన్నబ్బ తల గోక్కున్నాడు. "మొగం యాడ సూసేది? ఆ తలుపుకు లోపల పరదా ఏసుంటారు."

"మరి ఏం చూశావు?"

"సెప్పులు సూసినా. తలుపు ముందర ఇడిసి ఉండాయి. ఆ గదికి ఎప్పుడూ పోయేది ఆయనే. ఆయనే అనుకుంటి."

పంకజాక్షి మేడ వైపు తలెత్తి చూసింది.

"ఎట్లాంటి చెప్పులు?"

"తోలు సెప్పులు. అట్టాంటివి అందరికీ ఉంటాయి. ఎడమది తిరగబడి ఉండె. సెప్పు తిరగబడితే పోట్లాట వస్తాది కదా మేడమ్, కాలితో సరిచేసి పెట్టినా."

"అడుగున ఏమన్నా కనిపించిందా?"

"మడమ కింద లాడం ఉండె. సగం ఊడిపోయి ఉండె. మిగిలిన సగానికి ఎవరో లారీ టైరు ముక్క ఏసి కొట్టినారు. మంచి పని కాదది. మా ఊళ్లో అయితే ఎనిక్కి ఇచ్చేస్తారు."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"సెప్పుల సంగతి ఎవరడిగినారు? గదిలో ఎవరు అన్నారు, గంగాధరం సారు అంటి."

"ఇంకెవరికీ చెప్పొద్దు. నీ పెళ్లాంతో కూడా."

"మా ఆడదానికి సెప్తే కార్వేటినగరం దాకా తెలుస్తాది మేడమ్. సెప్పను."

*

చౌడేశ్వరి వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. పెన్ను గుప్పిట్లోనే ఉంది. హాల్లో మిగతావాళ్లు ఆమె వైపు చూడకుండా పని చేస్తున్నారు. మొన్నటిదాకా ఆమె క్యారియర్లో చింతాకు పప్పు తిన్నవాళ్లే.

పంకజాక్షి పక్కన కూర్చుంది.

"నీ మీద కుప్పుస్వామికి ఏం కోపం?"

"నా తెరలో ఐదు పనులు ఉండేవి మేడమ్. అందులో ఒకటి స్టాక్ చూసేది. పోయిన నెల అందులో చూసి అడిగినాను. పోయిన సీజను డ్రమ్ములు ఇంకా గోడౌన్లోనే ఎందుకుండాయి, కొత్త కాయ వచ్చేస్తా ఉండాది కదా అని. నీకెందుకు అన్నాడు. మర్నాడు చూస్తే నా తెరలో ఆ లైను లేదు. గంగాధరం సార్‌ను అడిగితే, కుప్పుస్వామి తియ్యమన్నాడు, ఓనరుకు చెప్పొద్దన్నాడు అన్నాడు."

"ఓనరుకు ఎందుకు చెప్పొద్దు?"

"అవి కుప్పుస్వామి సార్ చూపు తప్పి మిగిలిపోయినవి. బావ తిడతాడని భయం."

"అప్పటి నుంచి నాలుగే పనులు?"

"నాలుగే. కానీ..." చౌడేశ్వరి నొసలు ముడిచింది. "ఈ పొద్దు వచ్చి చూస్తే మళ్లీ ఐదుండాయి."

పంకజాక్షి ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

"ఏమన్నావు?"

"స్టాక్ లైను తిరిగొచ్చినాది మేడమ్. గంగాధరం సార్‌కు జాలి కలిగి పెట్టినాడేమో అనుకుని సంతోషపడినాను. అంతలోనే లోపలికి పిల్చి దొంగవన్నారు."

"శుక్రవారం నువ్వు ఎన్నింటికి వెళ్లావు?"

"ఐదున్నరకు. నడిచి పోయినాను. దారంతా వేషాలే. లైట్లు వేసే వేళకు మా పిన్ని ఇంటి సందు మొదట్లో ఒక తోటి వేషం నన్ను నిలబెట్టి తిట్టినాడు."

"ఎవరు?"

"బొగ్గు పూసుకున్నాక ఎవరైతే ఏమి? కానీ తిట్టు విని నవ్వొచ్చింది. 'నీ కీబోర్డులో చీమలు పుట్ట పెట్ట! నీ తెర మీద బల్లి పిల్లలు పెట్ట! నీ జీతం ఎలకలు మొయ్య!' అన్నాడు. దోసెడు బియ్యం పోసినాను."

పంకజాక్షి లేచింది. గంగాధరం సైకిల్ స్టాండు నీడలో నిలబడి ఉన్నాడు. మామూలుగా మాట్లాడుతున్నట్టే అడిగింది.

"శుక్రవారం వేషంలో ఎవర్నన్నా తిట్టారా?"

"వీధంతా తిట్టినాను మేడమ్. మొక్కు కదా."

"తెలిసినవాళ్లను?"

మసి కింద అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆఫీసు పిల్లను తిట్టినాను. తప్పు కాదు కదా? కీబోర్డులో చీమలు పట్టాలని... ఆ పిల్ల నవ్వి బియ్యం పోసింది."

"బల్లి కూడా ఉందంట కదా?"

"బల్లి, ఎలకలు కూడా," అన్నాడు గంగాధరం సిగ్గుగా. "ఆ తిట్లు పొద్దుటి నుంచి ఆలోచించి పెట్టుకున్నాను."

ఆరూ ఇరవైకి ఇద్దరూ పిన్నిగారి సందు దగ్గరే ఉన్నారు. ఒకరు తిడుతూ, ఒకరు నవ్వుతూ.

ఇంకొకరెవరో మేడ మీద ఉన్నారు.

*

మధ్యాహ్నం స్టేషన్లో ఫోను మోగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరు.

"ఏమ్మా పంకజాక్షీ, ఆ పిల్లను ఇంకా తేలేదంట? మునిరామయ్య గారు ఫోన్ మీద ఫోన్. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెట్టు. రిమాండు రాయిస్తే మన పని అయిపోతుంది."

"ఆ పిల్ల పని కూడా అయిపోతుంది సార్."

"కంప్యూటర్‌లో పేరుంది కదా!"

"పేరుంది సార్. మనిషి లేదు."

"నువ్వు కంప్యూటర్ ఇంజనీరువా?"

"కాదు సార్. నాకు రేపు మధ్యాహ్నం దాకా టైమివ్వండి. లేకపోతే కేసు ఇంకొకరికి రాయండి. రిమాండు కాగితం మీద నా సంతకం ఉండదు."

పొద్దుటి నుంచి ఆ మాట రెండోసారి వింటున్నట్టు ఓబయ్య తలెత్తాడు.

"రేపు మధ్యాహ్నం," అని ఫోను పెట్టేశాడు సీఐ.

పంకజాక్షి ఓబయ్యను పిలిచింది. "చిత్తూరు బస్సెక్కి పూతలపట్టులో దిగు. లారీ దొరికిన చోట చుట్టుపక్కల చూడు."

"ఏం చూడాల మేడమ్?"

"పోయిన సంవత్సరం గుజ్జు. ఈ ఎండలకు ఏమై ఉంటుంది?"

ఓబయ్య ముక్కు ముడిచాడు. "అర్థమయింది."

*

మంగళవారం పొద్దున పది గంటలు. జాతర రోజు. ఊరి లోపలి నుంచి డప్పులు వినిపిస్తున్నాయి.

"అందరూ కంప్యూటర్ గదిలోకి రండి," అంది పంకజాక్షి. "మిషన్ ముందరే తేల్చుకుందాం."

మునిరామయ్య ముందు నడిచాడు. తలుపు దగ్గర ఆగి, కిందికి చూడకుండానే రెండు కాళ్లూ విదిలించి చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. కుప్పుస్వామి బూట్లు లాగాడు. చౌడేశ్వరి చెప్పులు గోడవారగా సర్దింది. గంగాధరం నేరుగా లోపలికి పోయాడు. పంకజాక్షి అందరికంటే వెనక వెళ్లి, తలుపు వేసి, పరదా లాగింది.

"తొందరగా కానివ్వండి మేడమ్. సీఐ గారితో మాట్లాడినాను. మీకు ఈ పూట దాకానే టైమంట," అన్నాడు మునిరామయ్య.

"ఈ పూట చాలండి. శుక్రవారం ఈ తెర ముందు ఒకరు కూర్చున్నారు. చౌడేశ్వరి పేరుకు విడుదల హక్కు ఇచ్చారు. ఆమె పేరుతోనే లోపలికి పోయి లారీ వదిలారు. తర్వాత ఆ హక్కు తీసేశారు. అవునా గంగాధరం గారూ?"

"అవును."

"తీసేటప్పుడు ఏం చేశారు? ఇచ్చిన ఒక్కటే తీశారా?"

"లేదు. ఒక్కటే తీసుంటే తెరలో నాలుగే ఉండాల. ఐదుండాయి. అంటే 'ఆపరేటరుకు మామూలుగా ఏముంటాయో అవి పెట్టు' అని కమాండ్ కొట్టినారు. ఆపరేటరుకు మామూలుగా ఐదు."

"చౌడేశ్వరికి నాలుగే అని ఎవరికి తెలుసు?"

"నాకు. తియ్యమని చెప్పిన కుప్పుస్వామి సార్‌కు."

మునిరామయ్య బావమరిది వైపు చురుగ్గా చూశాడు. "ఏంది తీసింది? నాకు చెప్పలేదే?"

ఆ మాట గదిలో నిలబడిపోయింది.

"అదేనండీ," అంది పంకజాక్షి నెమ్మదిగా. "మీకు చెప్పలేదు. అది తెలిసినవాడు ఆ లైను తిరిగి రానివ్వడు. తెలియనివాడే ఆమెను మామూలు ఆపరేటరు అనుకుంటాడు."

మునిరామయ్య నవ్వాడు. "బాగుంది. నాకు ఆ మిషన్ తాకడమే రాదు. నా చేతులు మామిడికాయకు పనికొస్తాయి గానీ..."

"వచ్చు."

అందరూ తిరిగి చూశారు. గంగాధరం. తెర పక్క నుంచి ముందుకొచ్చాడు.

"నిన్న భయపడి అబద్ధం చెప్పినాను మేడమ్. మిషన్ వచ్చిన రోజు మద్రాసు ఇంజనీరు ఈయనకే ముందు నేర్పించినాడు. నా కంపెనీలో ఎవరికి ఏం చూపించాలో నేనే చెప్పాల, ఆ తాళం నా చేతిలో ఉండాల అన్నాడు. ఇచ్చేది, తీసేది, మామూలుకు తెచ్చేది. మూడే కమాండ్లు నేర్చుకున్నాడు. ఒక్క వేలుతో కొడతాడు."

"రేయ్ గంగాధరం! నీ ఉద్యోగం..."

"తీసెయ్యండి సార్. అదీ ఒక కమాండే కదా."

"వీళ్లిద్దరూ కూడబలుక్కున్నారు!" మునిరామయ్య మొహం చెమర్చింది. అంత చలిగదిలో. "వాచ్‌మన్ చెప్పలేదా? శుక్రవారం ఈ గదిలో ఉండింది గంగాధరమని!"

"చిన్నబ్బ మనిషిని చూడలేదు. తలుపు ముందు చెప్పులు చూశాడు. మీరే చూడండి, గంగాధరం గారి కాళ్లు."

అందరూ చూశారు. పగిలిన మడమలు. మసి పట్టిన వేళ్లు.

"వేషం మొక్కు. చాటింపు వేసినప్పటి నుంచి ఈయన చెప్పులు తొడగలేదు. నిన్న ఎండలో కూడా వట్టి కాళ్లతోనే పోయాడు. దొంగతనానికి వచ్చినవాడు ఎవరైనా చెప్పులతో లోపలికి పోతాడు. ఈ దొంగ పోలేదు. బోర్డు పెట్టించింది తనే. ఈ గడప దగ్గర కాలు దానంతటదే చెప్పు విడుస్తుంది. ఇప్పుడు విడిచినట్టే."

మునిరామయ్య తలుపు వైపు తిరిగాడు.

అద్దం మీద ఎవరో తట్టారు. పంకజాక్షి పరదా పక్కకు లాగింది.

బయట ఓబయ్య నిలబడి ఉన్నాడు. పక్కన చిన్నబ్బ. చిన్నబ్బ కుడిచేతిలో ఒక తోలు చెప్పు. అడుగు భాగం పైకి తిప్పి పట్టుకున్నాడు. సగం ఊడిన లాడం. కింద లారీ టైరు ముక్క.

"ఇదే మేడమ్," అన్నాడు చిన్నబ్బ. చెయ్యి దించలేదు. "ఎడమ కాలిది."

"దించు రా ఆ చెయ్యి!" అని అరిచాడు మునిరామయ్య.

చిన్నబ్బ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తల అడ్డంగా ఊపింది. చెయ్యి అట్లాగే ఉంది.

"ఓబయ్యా, డ్రమ్ములు?"

"దొరికినాయి మేడమ్. లారీ నిలిచిన చోటికి వెనకాల పాడుబడిన రాళ్ల క్వారీ ఉండాది. అందులో. ఈగలే దారి చూపించినాయి. డ్రమ్ములన్నీ నిండుచూలాలి పొట్టల మాదిరి ఉబ్బి ఉండాయి. రెండు పగిలినాయి. కల్లు దుకాణం వాసన."

"దొంగ ఎవడైనా దొంగిలించినది పారేస్తాడా?" పంకజాక్షి కుప్పుస్వామి వైపు తిరిగింది. "మీరు మరిచిపోయిన డ్రమ్ములు పులిసిపోయి మీ బావ కంట పడ్డాయి. పులిస్తే ఇన్సూరెన్సు ఇవ్వదు. దొంగతనమైతే ఇస్తుంది. దొంగతనానికి ఒక దొంగ కావాలి. విడుదల హక్కు మీ పేరు మీదే ఉంది. మీ పేరుతో వదిలితే ఇంత కష్టమే ఉండేది కాదు. అయినా ఆ పిల్ల పేరే వాడారు."

కుప్పుస్వామి బావ వైపు చూశాడు.

"నువ్వు మా ఇంటి పిల్లోడివి రా," అన్నాడు మునిరామయ్య. అప్పటిదాకా ఉన్న మెత్తదనం గొంతులో లేదు. "మీ అక్క మొగం ఎట్ల చూసేది? ఇదెవరు? నగరి నుంచి వచ్చిన కూలి పిల్ల. నాలుగు రోజులు ఏడ్చి పోయుండేది."

"నేను ఏడవలేదు సార్," అంది చౌడేశ్వరి.

ఆమె పెన్ను తీసి అతని ముందు, కీబోర్డు పక్కన పెట్టింది.

"ఇంక ఇది మీకు కావాల. స్టేట్‌మెంట్ రాసియ్యాలి కదా."

*

తలుపు దగ్గర మునిరామయ్య అలవాటుగా కాళ్లు చాచాడు.

"అవి ఉండనివ్వండి. ఎవిడెన్స్," అంది పంకజాక్షి. "డ్రైవరునూ క్లీనరునూ ఎక్కడికి పంపారో స్టేషన్లో చెబుదురు గాని."

"జీపు దాకా వట్టి కాళ్లతోనా? ఎండ..."

"గంగాధరం గారు వారం నుంచి నడుస్తున్నారు."

మే నెల ఎండలో ఆవరణంతా పెనంలా కాలుతోంది. తెల్ల పంచె ఎత్తిపట్టుకుని, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి గెంతుతూ మునిరామయ్య జీపు దాకా వెళ్లాడు. హాల్లో వాళ్లంతా కిటికీల దగ్గర నిలబడ్డారు. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఊరి లోపల డప్పులు మాత్రం ఆగలేదు.

చిన్నబ్బ చెప్పును పాత దినపత్రికలో చుట్టి ఓబయ్యకు ఇచ్చాడు. చేతులు కడుక్కోవడానికి పోయాడు.

చౌడేశ్వరి తన కుర్చీలో కూర్చుంది. తెర వెలిగించింది. ఐదు లైన్లు. పక్క సీటు అమ్మాయి మెల్లగా మంచినీళ్ల గ్లాసు తెచ్చి పెట్టింది. చౌడేశ్వరి ఆ గ్లాసు వైపు చూసింది. తాగలేదు. పక్కకు జరిపింది.

కుప్పుస్వామి వచ్చి వెనక నిలబడ్డాడు. నిలబడే తీరు ఇంకా మేనేజరుదే. వెనకే గంగాధరం.

"ఆ స్టాక్ లైను పొరపాటున వచ్చింది కదమ్మీ," అన్నాడు కుప్పుస్వామి. "గంగాధరం, పైకి పోయి తీసెయ్యి."

గంగాధరం కదల్లేదు. చౌడేశ్వరి వెనక్కి తిరగలేదు.

"పొరపాటున పోయింది సార్, పోయిన నెల. వచ్చింది పొరపాటున కాదు."

ఆమె ఐదో నంబరు కొట్టింది. గోడౌన్లో ఉన్న సరుకంతా తెర మీదికి వచ్చింది.

"రండి, కూర్చోండి," అంది. "ఇంకా ఏవేవి పులిసినాయో చూద్దాం."